రెండువేల సంవత్సరంలో మన ఊరు

మా తాతకు భవిష్యత్తు గురించి ఎవరూ కొత్తగా చెప్పవలసిన పని ఉండేది కాదు. అంతా బ్రహ్మంగారు ముందే చెప్పేశారు. ఊళ్లోకి మొదటిసారి బస్సు వచ్చిన రోజున "ఎద్దులు లేకుండా బండ్లు నడుస్తాయన్నారు, నడుస్తున్నాయి" అన్నాడట. కరెంటు స్తంభాలు పాతుతుంటే "నీళ్లతో దీపాలు వెలుగుతాయన్నారు, ఇవే ఆ దీపాలు" అన్నాడు. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు మట్టీ రాళ్లూ మోసి వచ్చినవాళ్లు మా పాలమూరు పల్లెల్లో ఊరూరా ఉండేవారు కాబట్టి, నీళ్లకూ దీపాలకూ ఉన్న సంబంధం ఏమిటో ఆయనకు వేరే విప్పి చెప్పనక్కర్లేకపోయింది. ప్రపంచంలోకి ఎంత వింత వస్తువు వచ్చినా నోరు తెరిచి ఆశ్చర్యపోయే భాగ్యం మాత్రం మా తాతకు దక్కలేదు. వచ్చే ప్రతిదీ ఎప్పుడో విన్నదే.

కాలజ్ఞానం పేరుతో జనం నోళ్లలో తిరిగే మాటల్లో పాతవి కొన్నయితే, బస్సు వచ్చాక పుట్టినవి కొన్ని. ఆ తేడా మా తాత పట్టించుకునేవాడు కాదు. ఇప్పుడు తలచుకుంటే నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకో సంగతి. ఆయన చెప్పే వరుసలో ఎద్దులు లేని బండీ, వావివరసలు లేని పెళ్లిళ్లూ, వానలు లేని ఏళ్లూ అన్నీ పక్కపక్కనే వచ్చేవి. కొత్త యంత్రం వచ్చిందంటే కలి ఇంకొంచెం ముదిరిందని అర్థం. అందుకే బస్సును చూసి తల పంకించేవాడే తప్ప సంతోషించేవాడు కాదు. ఎక్కమంటే మాత్రం ఎక్కేవాడు. కిటికీ పక్క సీటు కోసం తగాదా కూడా పడేవాడు.

బ్రహ్మంగారితో సంబంధం లేని సొంత ఊహ ఆయనకు ఒక్కటే ఉండేది. అది మోట గురించి. బావి గట్టు నుంచి పల్లంగా తవ్విన దారిలో ఎద్దులు ముందుకు దిగితే తోలు బొక్కెన నిండుగా పైకి వచ్చి కాలువలో కుమ్మరించేది. అవే ఎద్దులు అదే దారిలో వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ గట్టెక్కితే బొక్కెన మళ్లీ బావిలోకి దిగేది. ముందుకు లాగడం ఎద్దుకు అలవాటైన పనే. బరువు లేకపోయినా వెనక్కి నడవడమే దానికి నరకం. చీకటితో మొదలుపెట్టి పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అదే నడక. తాత అనేవాడు: "ఎద్దు వెనక్కి నడవనక్కర్లేని మోట ఒకటి రావాలి. నేను మంచం మీద పడుకుని ఉండాలి, మడికి నీళ్లు పారాలి." ఈ రెండో మాటకు ఇంట్లో అందరూ నవ్వేవారు. మొదటిది ఆయన ఉండగానే తీరింది. డీజిల్ ఇంజను వచ్చింది, దాని వెనకే కరెంటు మోటారు వచ్చింది. రెండోదాని సంగతి కాసేపట్లో చెబుతాను.

మా సైన్సు సారుది పూర్తిగా వేరే మతం. ఆయన లెక్కలో రాబోయేవన్నీ మంచివే, పైగా వాటికి ముహూర్తం కూడా ఖాయమైపోయింది: క్రీ.శ. 2000. ఆయనకు పోస్టులో 'సోవియట్ భూమి' అనే రష్యావాళ్ల తెలుగు పత్రిక వచ్చేది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, చందా చవక. ఆయన చదవడం అయ్యాక ఆ పుటలు మా పుస్తకాలకు అట్టలయ్యేవి. నా లెక్కల పుస్తకం మీద నిప్పులు కక్కుతూ లేచే రాకెట్టు, తెలుగు వాచకం మీద గోధుమ పొలంలో నవ్వుతున్న ట్రాక్టరు డ్రైవరమ్మ. చంద్రుడి మీద కాలనీలు, సముద్రం అడుగున నగరాలు, మనిషి చెయ్యి తగలకుండా నడిచే ఫ్యాక్టరీలు, అన్నీ ఆ పత్రికలో రేపో మాపో వచ్చేస్తాయన్నట్టే ఉండేవి. చాలా ఇళ్లలో గడియారం కూడా లేని ఊళ్లో మేం ఇరవై అయిదేళ్ల తరువాతి కాలాన్ని గంటలతో సహా లెక్కలు వేసేవాళ్లం.

ప్రతి ఏడూ వ్యాసరచన పోటీలో అదే అంశం: "రెండువేల సంవత్సరంలో మన ఊరు". ఆ అంకెలోని మూడు సున్నాల మహిమో ఏమో, అది మాకు ఒక సంవత్సరంలా అనిపించేది కాదు. బస్సు దిగగానే ఎదురయ్యే పెద్ద పట్నంలా అనిపించేది. అందరం ఇంచుమించు ఒకే వ్యాసం రాసేవాళ్లం. ఇంటికో హెలికాప్టరు ఉంటుంది. పొలం యంత్ర మనిషి దున్నుతాడు. పరీక్షలు ఉండవు, జ్ఞానం సూదిమందులా ఎక్కిస్తారు. వీటిలో ఏది మరిచినా ఆహార మాత్రను మాత్రం ఎవరూ మరిచేవారు కాదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మింగితే ఇక ఆకలి ఉండదు. 1972 నాటి కరువు కథలు ఇంట్లో ఇంకా పచ్చిగా చెప్పుకుంటున్న రోజులవి. ఆకలి లేకపోవడమన్నది మాకు హెలికాప్టరు కన్నా పెద్ద ఊహ.

నా వ్యాసాన్ని ఇంట్లో చదివి వినిపిస్తే మా నాయనమ్మ అంతా విని, ఆ మాత్ర దగ్గర ఆగింది. "మాత్ర మింగితే కడుపు నిండుతుందేమో రా. ఇంటికి చుట్టం వస్తే పీట వేసి, కాళ్లకు నీళ్లిచ్చి, రెండు మాత్రలు చేతిలో పెడతామా?" అని అడిగింది. నాకు బహుమతి రాలేదు. న్యాయనిర్ణేత ఆవిడై ఉంటే ఎవరికీ వచ్చేది కాదు.

సారును ఇప్పుడు తలచుకుని నవ్వడం తేలిక. కానీ ఆయన గాలి మాటలు చెప్పలేదు, పెద్దవాళ్లు చెప్పినవే చెప్పాడు. 1954లో అమెరికా అణుశక్తి సంఘం అధ్యక్షుడు లూయిస్ స్ట్రాస్, రాబోయే తరం ఇళ్లలో కరెంటు మీటరు పెట్టి కొలవనక్కర్లేనంత చవకవుతుందని అన్నారు. ఆ మరుసటి ఏడు జెనీవాలో అణుశక్తిని శాంతియుతంగా వాడుకోవడం గురించి ఐక్యరాజ్యసమితి పెట్టిన సదస్సుకు మన అణు శాస్త్రవేత్త హోమీ భాభా అధ్యక్షుడు. సూర్యుడిలో జరిగే కేంద్రక సంలీనాన్ని అదుపులోకి తెచ్చి శక్తి రాబట్టే దారి రెండు దశాబ్దాల్లో దొరుకుతుందని ఆయన ఆ వేదిక మీదే చెప్పారు. అంతటి భాభా అన్నమాటను పాలమూరు పల్లెలో ఒక సైన్సు సారు నమ్మకుండా ఎలా ఉంటాడు? "మీటర్లు పోతాయి రా, కరెంటు గాలిలా ఊరికే వస్తుంది" అని నల్లబల్ల మీద సూర్యుడి బొమ్మ గీసి మరీ చెప్పాడు. భాభా పెట్టిన గడువు 1975తో తీరిపోయింది. ఆ కరెంటు ఇప్పటికీ ప్రయోగశాల గడప దాటలేదు.

మీటరు మాత్రం నిజంగానే పోయింది. 1980లలో మోటారు హార్స్‌పవర్‌ను బట్టి ఇంత అని కట్టే స్లాబు పద్ధతి వచ్చి మా బావి మోటారుకు మీటరుతో పని లేకుండా అయింది. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి కాగానే ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం చేశారు, దాంతో బిల్లూ పోయింది. అణువు చేయలేకపోయిన పని ఎన్నికలు చేశాయి. సారు చెప్పిన ఫలితం వచ్చింది గానీ, ఆయన గీసిన సూర్యుడి దారిన రాలేదు.

ఊరికే వచ్చే కరెంటు వేళకు రావాలని ఎక్కడా లేదు కదా. మోటారు తిరగడానికి కావలసిన త్రీఫేజ్ కరెంటు అర్ధరాత్రి వచ్చేది, తెల్లవారకముందే పోయేది. ఆ కాస్త సేపట్లో మడి తడపాలి. నాన్న ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని గట్ల మీద నడిచి వెళ్లేవాడు. గట్ల మీద పాములు, స్టార్టరు డబ్బాలో ఊడిన తీగలు, కింద బురద. ఆ దారిలో పోయిన ప్రాణాలు మా చుట్టుపక్కల ఊళ్లలో తక్కువేమీ కావు. కరెంటు రాగానే దానంతట అదే మోటారు తిరిగే ఆటో స్టార్టర్లు కొన్నాళ్లు నడిచాయి. 2018 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు ఇచ్చాక వాటిని తీసేయమన్నారు, లేకపోతే మోటార్లు ఆగకుండా తిరిగి భూమిలో ఉన్న నీళ్లన్నీ తోడేస్తాయని.

ఇప్పుడు మా తమ్ముడి స్టార్టరు పక్కన ఇంకో చిన్న డబ్బా ఉంది. అందులో సిమ్ కార్డు. ఫోను చేస్తే మోటారు తిరుగుతుంది, ఇంకోసారి చేస్తే ఆగుతుంది. మూడు ఫేజులూ ఉన్నాయో లేదో, నీళ్లు లేక మోటారు ఊరికే తిరుగుతోందో, అన్నీ అదే చెబుతుంది. మొన్నొక పెళ్లిలో బంతిలో కూర్చుని, కుడిచేత్తో పప్పన్నం కలుపుతూ ఎడమచేత్తో ఫోను తీసి మోటారు వేశాడు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఆపేశాడు. తాత అడిగినదానిలో మంచం ఒక్కటే తక్కువ.

నేను ఆ రోజు అనుకున్నాను: సముద్రం అడుగున నగరాలు గీసిన మహానుభావుల్లో ఒక్కరికీ బావి దగ్గరి స్టార్టరు డబ్బా కనబడలేదేం? ఎలా కనబడుతుంది? వాళ్లెవరూ రాత్రిపూట గట్ల మీద నడవలేదు. ఎవరికి ఏది కొరతో వాళ్ల ఊహ దాని చుట్టే తిరిగింది. మా పిల్లలకు తిండి, సారుకు కరెంటు, తాతకు నిద్ర.

ఆ రోజుల్లోనే భవిష్యత్తు మా ఊరికి ఒక ఏడాది అద్దెకు వచ్చి వెళ్లింది. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31న ముగిసిన, ఉపగ్రహం నుంచి పల్లెలకు టీవీ చూపించే ఆ ప్రయోగాన్ని పెద్దవాళ్లు 'సైట్' అనేవారు. మన అంతరిక్ష కార్యక్రమానికి ఆద్యుడైన విక్రమ్ సారాభాయ్ పూనికతో 1969లోనే అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒప్పందం కుదిరింది. అది ఆచరణలోకి వచ్చే నాటికి ఆయన లేరు. ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహాన్ని ఒక ఏడాది పాటు మన దేశానికి వాడుకోనిచ్చారు. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు దాని నుంచి నేరుగా టీవీ కార్యక్రమాలు అందాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపిక చేసిన జిల్లాల్లో మా పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, కర్నూలు, మెదక్ ఉన్నాయి. హైదరాబాదు నగరానికి సొంత దూరదర్శన్ కేంద్రం 1977లో గానీ రాలేదు. అంటే పట్నం కన్నా ముందు మేం టీవీ చూశాం. ఈ ఒక్క విషయంలో మా ఊరివాళ్లు పట్నం బంధువుల ముందు చాలాకాలం తల ఎగరేశారు.

సెట్టు హైదరాబాదు ఈసీఐఎల్ తయారీ. బడి వసారాలో ఎత్తు బల్ల మీద పెట్టారు. బడి ముందు మూడు మీటర్ల అడ్డంతో బోర్లించని గొడుగులాంటి యాంటెనా. దానికి కట్టింది కోళ్ల దొడ్లకు కట్టే ఇనుప జాలీయే. అంత సన్నటి జాలీ ఆకాశంలోంచి బొమ్మల్ని ఎలా పడుతుందో మాకు అంతుపట్టేది కాదు. జాలీ కన్నాల్లోంచి బొమ్మలు జారిపోవా అని ఒకడు సారును అడిగితే, "తరంగం పొడవు కన్నా కన్నం చిన్నది రా" అన్నాడు. ఆయన చెప్పినవాటిలో నూటికి నూరుపాళ్లు నిజమైన మాట అదేననుకుంటాను.

సాయంత్రం కాగానే పిల్లలం ముందు, మగవాళ్లు పక్కల, ఆడవాళ్లు వేపచెట్టు కింద. ఢిల్లీ నుంచి వచ్చే హిందీ కార్యక్రమం కాసేపు, మా తెలుగు కాసేపు. మాకూ, పక్కనున్న రాయచూరు వైపు పల్లెలకూ బొమ్మ ఒకటే, మాట మాత్రం మాకు తెలుగులో, వాళ్లకు కన్నడంలో. ఎరువులు, విత్తనాలు, కుటుంబ నియంత్రణ, పసిపిల్లల టీకాలు, మధ్యలో కోలాటమో హరికథో. ఎమర్జెన్సీ రోజులు కావడంతో ఢిల్లీ నుంచి అంతా బాగుందనే వార్తే వచ్చేది.

ఒకనాడు వేరుశనగ తెగులు గురించి ఒక అధికారి తెర మీద చెబుతుంటే మా చిన్నాన్న లేచి నిలబడ్డాడు. "అయ్యా, మా చేలో ఆకు అంచు నుంచి కాదు, మధ్య నుంచి మాడుతోంది. దానికేం కొట్టాలి?" అధికారి తన మాట తాను చెప్పుకుపోయాడు. చిన్నాన్న ఇంకోసారి, కాస్త గట్టిగా అడిగాడు. జనం నవ్వారు. ఆయన తుండు దులుపుకుని వెళ్లిపోయాడు. "మనం ఆయన మాట వినాలి, ఆయన మన మాట వినడు. ఇందులో కొత్తేముంది, ఆఫీసుకు పోతే జరిగేది అదేగా" అని తరువాత వారమంతా అందరితో అన్నాడు. ఆ ప్రయోగం మీద ఎన్ని నివేదికలు రాశారో గానీ, అంతకన్నా సూటి విమర్శ నేను వినలేదు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం చాలా ఏళ్ల తరువాత తెలిసింది. భూమి తిరిగే వేగంతోనే తిరిగే ఉపగ్రహాలు మూడుంటే ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చని 1945లో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో రాసింది సైన్సు కథల రచయిత ఆర్థర్ సి. క్లార్క్. ఎత్తు దాదాపు 36,000 కిలోమీటర్లన్న లెక్కా సరిగ్గానే వేశాడు. అయితే ఆయన ఊహించిన ఉపగ్రహాల్లో మనుషులు కాపురం ఉండాలి. ఎందుకంటే రేడియో వాల్వులు కాలిపోతుంటాయి, ఎప్పటికప్పుడు మార్చేవాళ్లు ఉండాలి కదా! ఆ వాల్వుల పని అలా కాలిపోకుండా చేసే ట్రాన్సిస్టరు 1947లో వచ్చింది. అంత దూరం చూసిన మనిషికి రెండేళ్ల అవతలిది కనబడలేదు. మాకు మాత్రం ఆయన ఊహే సబబుగా తోచేది. మా పంచాయతీ రేడియోలో వాల్వు పోతే జిల్లా కేంద్రానికి మోసుకెళ్లాలి. ఆకాశంలో పోతే ఎవడు మోస్తాడు?

ఆ గౌరవం కొద్దీ 1975లో భారత ప్రభుత్వం కొలంబోలోని క్లార్క్ ఇంట్లో ఒక సెట్టు పెట్టించింది. మేం బడి వసారాలో చూసిన తరంగాలే ఆయన ఇంటి మీదా వాలాయన్నమాట. మా చిన్నాన్నకు జవాబు చెప్పని ఆ అధికారిని ఆయన కూడా ఏదో ఒక సాయంత్రం చూసే ఉంటాడు.

ఏడాది కాగానే నాసా తన ఉపగ్రహాన్ని తాను తీసుకుపోయింది. మరునాడు సెట్టు వేస్తే తెర నిండా చుక్కలు, హోరు. కొన్నాళ్లు గుడ్డ కప్పి ఉంచారు, తరువాత ఎవరో వచ్చి పట్టుకెళ్లారు. జాలీ గొడుగు మాత్రం చాలాకాలం అక్కడే ఉంది, దాని మీద ఎవరో చిక్కుడు తీగ పాకించారు. మళ్లీ మా ఊళ్లో టీవీ బొమ్మ కనబడడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఇప్పుడు అరవై సెంటీమీటర్ల డిష్షు లేని ఇల్లు లేదు.

ఆకాశం నుంచి మంచి మాత్రమే రాదని 1979లో తెలిసింది. స్కైలాబ్ సంగతి తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 77 టన్నుల అంతరిక్ష కేంద్రం, 1973లో అమెరికా పంపినది, ఎక్కడ పడుతుందో పంపినవాళ్లకే తెలియదు. మా ఊళ్లో కోళ్లకు, మేకలకు ఆ వారంలో మూడింది. ఎలాగూ పోతాం కదా అని దాచుకున్న నెయ్యి కూడా తీశారు. వడ్డీకి డబ్బు తిప్పే ఆసామికి ఒక్కడికే అసలైన బెంగ: ఊరు పోతే బాకీలెలా వసూలవుతాయి? జూలై 11 రాత్రి మన గడియారాల్లో పది దాటాక అది హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడింది. ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే ఊరివాళ్లు తమ ఊళ్లో చెత్త పారబోసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా వేశారు. మేం ఎవరికీ జరిమానా వేయలేదు. తిన్న కోళ్ల లెక్క తేల్చుకోవడంతోనే సరిపోయింది. ఆ మరుసటి నెల శ్రీహరికోట నుంచి ఎగిరిన మన ఎస్ఎల్‌వీ-3 రాకెట్టు కూడా బంగాళాఖాతంలో పడింది. సారు రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. 1980 జూలై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాత్రం బడిలో అందరికీ బెల్లం ముక్కలు పంచాడు.

ఇక ఆ రెండువేల సంవత్సరం. కంప్యూటరంటే మేం విన్నది 'ఎలక్ట్రానిక్ మెదడు' అని. గదంత ఉంటుంది, అన్నీ దానికి తెలుసు, ఏ ప్రశ్నకైనా చీటీ మీద జవాబు ఇస్తుంది. 1980లలో బ్యాంకు ఉద్యోగుల సంఘాలు అది వస్తే ఉద్యోగాలు పోతాయని ఆందోళనలు చేశాయి. బ్యాంకులో గుమాస్తా అయిన మా మేనమామ కూడా బిళ్ల పెట్టుకుని ధర్నాలో కూర్చుని వచ్చాడు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆయన కొడుకే అమీర్‌పేటలో ఇరుకు గదిలో నెలల తరబడి కోబాల్ అనే పాత కంప్యూటరు భాష నేర్చుకుంటున్నాడు. ఎందుకు? పాత కంప్యూటర్లలో చోటు ఆదా చేయడానికి ఏ సంవత్సరానికైనా చివరి రెండు అంకెలే రాసుకున్నారు. 99 తరువాత 00 వస్తే అది 2000 అని కాక 1900 అని యంత్రం పొరబడుతుందేమోనని ప్రపంచమంతా బెంబేలెత్తింది. ఆ పాత ప్రోగ్రాముల్లోని లక్షల వరుసల్ని వెతికి దిద్దే పనికి మనవాళ్లు విమానాలెక్కారు. మా బావ కూడా అలాగే వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు.

సారు అప్పటికి రిటైరై హైదరాబాదులో కొడుకు దగ్గర ఉండేవాడు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. దాన్ని చూపించమంటే తీసుకెళ్లాను. రోడ్డు అవతల నిలబడి ఆ గుండ్రటి భవనాన్ని కింది నుంచి పైదాకా చూశాడు. రెండువేల గొడవ ఏమిటో నేను వివరిస్తే శ్రద్ధగా విని, "అంటే ఇన్నాళ్లు మనం ఎదురుచూసిన సంవత్సరం వస్తోందని ఆ మెదడుకే తెలియదా?" అన్నాడు. ఆ తరువాత హోటల్లో టిఫిన్ తింటున్నంతసేపూ ఉండి ఉండి నవ్వుతూనే ఉన్నాడు.

దూరాన ఉన్నవాళ్లను కళ్లముందు చూపించే యంత్రం గురించి రాయకుండా ఇలాంటి ముచ్చట ముగించకూడదట. 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె తెరవగానే శశిరేఖకు అభిమన్యుడు కనబడడాన్ని చూపించి, 1957లోనే మనవాళ్లు వీడియో కాల్ ఊహించారని ప్రతి ఏడూ ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. సరే. కానీ ఆ పెట్టెకు నంబరు అక్కర్లేదు, మనసులో ఉన్నవాళ్లు వాళ్లంతట వాళ్లే కనబడతారు. అది మన ఫోనుకు ఇంకా చేతకాలేదు. అవతల అమెరికాలో ఒక కంపెనీ 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో బొమ్మ కనబడే టెలిఫోను పెట్టింది. 1970లో పిట్స్‌బర్గ్‌లో నెలకు 160 డాలర్లకు అమ్మకానికి తెచ్చి, కొనేవాళ్లు లేక మానుకుంది. ఫోనులో లేనిది ముఖం ఒక్కటే అనుకున్నారు ఆ ఇంజనీర్లు.

మా నాయనమ్మకు కావలసింది ముఖం కాదు. మా మేనత్తను బొంబాయి దగ్గరి భివండిలో మరమగ్గాల మీద పనిచేసే ఆయనకు ఇచ్చారు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వచ్చేది. మధ్యలో ఇన్‌లాండ్ కవర్లు. అత్తకు చదువు రాదు, వాళ్లుండే చాల్‌లో, అంటే వరుస గదుల భవనంలో, ఉండే ఒకాయన రాసిపెట్టేవాడు. ఇక్కడ నాయనమ్మకు చదువు రాదు, నేను చదివేవాడిని, అదీ వాకిట్లో, నాన్న, చిన్నాన్న, పక్కింటివాళ్లు అందరూ వింటుండగా. "ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను." ప్రతి ఉత్తరం అలాగే మొదలయ్యేది, సగం అలాగే ముగిసేది. చదవడం అయ్యాక నాయనమ్మ "ఇంకేం రాసింది?" అనేది. "అంతే నాయనమ్మా." "అంతేనా? ఇంకోసారి చదువు."

ఒక ఉత్తరంలో మధ్యలో ఒక వరుస కొట్టేసి ఉంది. సిరాతో అడ్డంగా, నిలువుగా, మళ్లీ ఏటవాలుగా, కాగితం చిరిగేటంత బలంగా. నేను దాన్ని దాటేసి చదివాను. ఆవిడ కనిపెట్టింది. చదువు రాని మనిషి కళ్లకు కొట్టివేత ముందు కనబడుతుంది కాబోలు. "అక్కడేముంది?" "కొట్టేశారు నాయనమ్మా." "కొట్టేయకముందు ఏముంది?" కాగితం ఎండకు పట్టి చూశాను. 'అ' అన్న అక్షరంలాంటిది ఒకటి, తరువాత ఒక దీర్ఘం. అంతకు మించి తెలియలేదు. ఆ నీలం కవరును మడిచి బొడ్డులో దోపుకుంది. చాలా రోజుల వరకు ఎవరూ లేనప్పుడు పిలిచి, మళ్లీ ఎండకు పట్టమనేది.

అప్పుడే ఒకసారి అంది: "ఉత్తరం విప్పితే దాని గొంతు వినబడాలి రా. రాసేవాడూ వద్దు, చదివేవాడూ వద్దు. నాకొక్కదానికే వినబడాలి." వ్యాసంలో రాయనా అని అడిగాను. "రాయి. కానీ మాత్ర పక్కన రాయకు" అంది. నేను రాయలేదు. హెలికాప్టర్ల మధ్య అది మరీ చిన్న కోరికలా అనిపించింది.

మా అత్త ఇప్పుడు సోలాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. ఇప్పటికీ చదువు రాదు. మనవరాలు ఫోనులో మైకు బొమ్మ చూపించి నొక్కడం నేర్పింది, అప్పటి నుంచి మా అందరికీ గొంతు మెసేజ్‌లే. చిన్నగా దగ్గి, "నేను మాట్లాడేది వినబడుతోందా?" అని అడిగి, జవాబు రాదని తెలిసీ కాసేపు ఆగి, మొదలుపెడుతుంది. ఆవిడ మోకాళ్లు, మిర్చి ధర, ఎవరి పెళ్లికి ఎవరు రాలేదో. వెనక టీవీ సీరియలు, కుక్కరు ఈల, కోడలి గిన్నెల చప్పుడు.

కొట్టేసిన ఆ వరుస గురించి ఆ మధ్య అడిగాను. రెండు రోజుల తరువాత మెసేజ్ వచ్చింది. "ఎప్పటి మాట రా అది! ఏముంటుంది, అత్తగారి గురించి ఏదో చెప్పి ఉంటాను. రాసేది వాళ్ల ఊరాయనే కదా, రాశాక భయమేసి కొట్టేయమని ఉంటాను." అంతలో వెనక నుంచి కోడలు ఏదో అడిగింది, మెసేజ్ అక్కడితో తెగింది.

పది నిమిషాలకు ఫోను మోగింది. అత్తే. గొంతు బాగా తగ్గించి ముందుగా అడిగింది: "నా మెసేజ్ స్పీకర్లో పెట్టి వినలేదు కదా? నీ పక్కన ఎవరైనా ఉన్నారా?" ఎవరూ లేరన్నాను. అప్పుడు కోడలి సంగతి మొదలుపెట్టింది. ముప్పావు గంట చెప్పింది.